అరువదినాలుగు గళ్ల మహాసంఖ్య

సంఖ్యల పరంపరకు అంతము లేదు గనుక పెద్దదనము ఏ సంఖ్యకును శాశ్వతమైన బిరుదు కానేరదు. ఎంతటి దానికైనను ఒకటి చేర్చిన మాత్రమున దానిని మించినది మరియొకటి ఎదుట నిలుచును. అట్లయ్యు, కొన్ని మహాసంఖ్యలు వేయేండ్లుగా జనుల నోళ్లయందును, గ్రంథములయందును, గణకుల పలకలమీదను నిలిచి, తమ కట్టుబడిలోని చక్కదనముచేతనే గౌరవము పొందుచున్నవి. తెలుగువానికి అట్టి సంఖ్యలలో మొదట చెప్పదగినది, చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒక గింజయు, రెండవ గడిలో రెండును, మూడవ దానిలో నాలుగును, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయుచు 64 గళ్లు నింపగా తేలు మొత్తము: 18446744073709551615. నేటి మన లెక్కలో చదివినచో ఇది ఒక లక్షా ఎనుబదినాలుగు వేల నాలుగువందల అరువదియేడు కోట్ల కోట్లు, నలుబదినాలుగు లక్షల ఏడువేల మూడువందల డెబ్బది కోట్లు, తొంబదియైదు లక్షల ఏబదియొక్క వేల ఆరువందల పదునైదు. 2 యొక్క 64వ ఘాతమునుండి ఒకటి తీసివేయగా మిగులునది ఇదియే.

ఈ సంఖ్యకు సంబంధించిన కథ మనదేశమున బడిపిల్లలందరును విన్నదే. చదరంగమును కనిపెట్టిన పండితుని చూచి రాజు కోరుకొమ్మనుటయు, ఆతడు గింజల నడుగుటయు, రాజు మొదట నవ్వి పిదప తన గాదెలన్నియు చాలవని తెలిసి తెల్లబోవుటయు, ఇంతవరకే చెప్పి కథకులు విరమింతురు. ఆ విరామము నాకెన్నడును తృప్తి నొసగలేదు. పెద్దదనమును చూచి ఆశ్చర్యపడుట గణితమునకు గడప మాత్రమే. లోపల ఏమున్నదో చూడవలెనన్న ఆ సంఖ్య దేనిచేత భాగింపబడును, దేనిచేత భాగింపబడదు, ఏయే సంఖ్యల గుణకారముచే ఏర్పడినది, ఏ పద్ధతిని దానిని త్వరగా సాధింపవచ్చును అను ప్రశ్నలు వేయవలెను. ఆ ప్రశ్నలకు వేర్వేరు కాలములందు వేర్వేరు దేశములవారు చెప్పిన సమాధానములను ఒకచోట పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

గ్రంథస్థమైన చరిత్రలో ఈ మొత్తమును సాధించి చూపినవారిలో ముఖ్యుడు 973లో జన్మించిన అల్ బిరూనీ. ప్రాచీన జాతుల కాలగణనమును గూర్చి ఇంచుమించు 1000 ప్రాంతమున వ్రాసిన గ్రంథములో ఆతడు దీనిని వర్గముల మార్గమున లెక్కించెను. రాజునకును సిస్సా అను పండితునకును జరిగిన సంవాదముగా ఈ కథను ఇబ్న్ ఖల్లికాన్ అను చరిత్రకారుడు 13వ శతాబ్దిలో చెప్పెను. తెలుగులో మాత్రము దీనిని పద్యమున బంధించినవాడు పావులూరి మల్లన. ఈ మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందరును, ఆ పేరుగల తాత మనుమలలో గ్రంథకర్త మనుమడేయని, కనుక 12వ శతాబ్దివాడని కొందరును తలచుచున్నారు. ఏ పక్షము నెగ్గినను తెలుగున శాస్త్రగ్రంథములు ఇంకను అరుదుగా నున్న కాలముననే ఆతడు మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించి సారసంగ్రహ గణితమను పేర వెలయించెననుట నిర్వివాదము. మూలకర్త జైనుడు, అనువాదకుడు శైవుడు. అనువాదమున మతసంబంధములగు మాటలు మారినవి.

మల్లన ఈ 20 అంకెలను చెప్పిన తీరు పరిశీలింపదగినది. అంకెలకు బదులు వస్తువుల పేర్లను వాడు భూతసంఖ్యా పద్ధతిలో చంద్రుడు ఒకటి, అగ్ని మూడు, వేదము నాలుగు, శరము ఐదు, గిరి ఏడు, దిగ్గజములు ఎనిమిది గనుక ఏనుగు ఎనిమిది, నవరంధ్రములు గనుక రంధ్రము తొమ్మిది, ఆకాశము సున్న. అంకెలు ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడుచునను నియమముచొప్పున, పద్యమును మొదటినుండి చదువుచు పలకమీద కుడినుండి ఎడమకు వ్రాసికొనుచు పోయినచో, పాదములు ముగియునప్పటికి మహాసంఖ్య ముందు నిలుచును. తాటాకులకు ఎత్తి వ్రాయువాని చేతిలో అంకె చెదరుట సులభము. పద్యములోని పదము చెదరిన ఛందస్సు కొంతవరకు పట్టి ఇచ్చును. ఛందస్సునకును చిక్కని తప్పును పట్టుటకు గణకుని చేతిలో మరియొక సాధనము గలదు. 2ను వరుసగా రెట్టించుచు 9తో భాగించిన శేషములు 1, 2, 4, 8, 7, 5 అని ఆరింటి చుట్టుగా తిరుగుచుండును. 64లో ఆరులు పది పోగా నాలుగు మిగులును గనుక 64వ ఘాతమునకు శేషము 7, దానినుండి ఒకటి తీసిన 6. ఇక మల్లన చెప్పిన అంకెలన్నిటిని కూడినచో 87. 8యు 7యు కూడిన 15. 1యు 5యు కూడిన 6. ఏ ఒక్క అంకె చెడినను, సున్నయు తొమ్మిదియు ఒకదానికొకటి మారిననే తప్ప, ఈ సామ్యము కుదరదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. కరీంనగరము జిల్లా గంగాధర సమీపమున కురిక్యాల యొద్దనున్న బొమ్మలగుట్ట మీద, ఇంచుమించు 945 ప్రాంతమున, పంప మహాకవి తమ్ముడగు జినవల్లభుడు చెక్కించిన త్రిభాషా శాసనములో మూడు తెలుగు కందపద్యములున్న సంగతి సాహిత్యవేత్తలు తరచు తలంతురు. వేములవాడ చాళుక్యుల నీడలో ఈ గంగాధర ఒక జైన విద్యాస్థానము. సోమదేవసూరి తన యశస్తిలకమును 959లో ముగించినది ఇచ్చటనే. వేములవాడ రాజులు రాష్ట్రకూటులకు సామంతులు. ఆ రాష్ట్రకూట వంశమున 9వ శతాబ్దిలో ఏలిన అమోఘవర్ష నృపతుంగుని ఆశ్రయమున మహావీరాచార్యుడు తన గణితమును రచించెను. బొమ్మలగుట్ట శాసనమున గణితము లేదు. కాని మల్లనకు మూలమైన గ్రంథము పుట్టిన రాజ్యములోనే, ఆ మతమువారే, ఒక శతాబ్దిలోపల మన గుట్టలమీద తెలుగు కందములు చెక్కించిరనుట స్మరింపదగిన విషయము.

జైనులకు మహాసంఖ్యలయందు గల అభిమానము ప్రసిద్ధము. అనుయోగద్వార సూత్రమను ప్రాచీనాగమమున మనుష్యుల సంఖ్యను చెప్పుచు, 2 యొక్క ఆరవ వర్గమును ఐదవ వర్గముతో గుణించిన వచ్చునదియని, దానిని 96 మారులు సగము చేయవచ్చుననియు చెప్పబడినది. అది 29 అంకెల సంఖ్య. వర్గములనగా 2ను తనతో గుణించిన 4, దానిని తనతో గుణించిన 16, పిదప 256, 65536, 4294967296, ఆరవది 18446744073709551616. చివరిదానినుండి ఒకటి తీసిన మన చదరంగపు మొత్తము. కనుక కథ పుట్టుకకు సంబంధము లేకయే ఈ సంఖ్య జైనుల వర్గశ్రేణిలో ముందే చోటు చేసికొని యున్నది. మహావీరాచార్యుడు ఏకము మొదలు మహాక్షోభము వరకు 24 స్థానములకు పేర్లు చెప్పెను. వానిలో 20వది మహాశంఖము. ఆ పేర్లతో చదివినచో మన సంఖ్య ఒక మహాశంఖము, ఎనిమిది శంఖములు, నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు, ఆరు మహాపద్మములు, ఏడు పద్మములు, ఇట్లు దిగుచు ఐదు ఏకములతో ముగియును. సంఖ్యల అందమును కంఠాభరణములుగా భావించి చూచుటయు ఆ ఆచార్యుని అలవాటే: 142857143ను 7తో గుణించిన 1000000001 వచ్చును, 27994681ను 441తో గుణించిన 12345654321 వచ్చును, రెండు చివరలనుండి చదివినను ఒకటియే యగు ఈ హారములు పరిమాణమునందు గాక కూర్పునందు అందమును చూపినవి. ఈ గ్రంథము రంగాచార్యుల ఆంగ్లానువాదముతో మద్రాసున 1912లో అచ్చుపడిన పిమ్మట పడమటి పండితులకు మహావీరుని ప్రతిభ విరివిగా తెలిసినది.

వర్గముల మార్గమంటిని. 64 గళ్లను ఒక్కొక్కటిగా రెట్టించిన 63 గుణకారములు చేయవలెను. వర్గములు చేసిన ఆరింటితో పని ముగియును. ఈ ఉపాయము మనకు పింగళుని ఛందశ్శాస్త్రమునుండియే వచ్చినది. ఎన్ని అక్షరముల పాదమునకు ఎన్ని వృత్తములు పుట్టునో తెలియుటకు ఆతడు అక్షరసంఖ్యను సగము చేయుచు దిగి, మరల వర్గములు చేయుచు ఎక్కుమని విధించెను. ప్రతి అక్షరమును గురువో లఘువో కావలెను గనుక అక్షరమొకటి పెరిగినప్పుడెల్ల వృత్తముల సంఖ్య రెట్టింపగును. 20 అక్షరముల కృతిచ్ఛందమున 1048576, 21 అక్షరముల ప్రకృతిచ్ఛందమున 2097152, ఒకటి మొదలు 26 అక్షరముల ఉత్కృతి వరకు అన్నియు కలిపి 134217726 వృత్తములు. మన ఉత్పలమాల కృతిలో 355799వది. చంపకమాల ప్రకృతిలో 711600వది. ఈ వరుససంఖ్యను రాబట్టుట బాలురకు సయితము సులభము: మొదటి అక్షరమునకు 1, రెండవదానికి 2, మూడవదానికి 4 అని చదరంగపు గళ్లవలెనే విలువలు వేసి, లఘువులున్న చోట్ల విలువలను మాత్రము కూడి, తుదకు ఒకటి చేర్చవలెను. మల్లన తన మహాసంఖ్యను పొదిగిన పద్యము చంపకమాల. రెట్టింపుల మొత్తమును చెప్పుటకు ఆతడు వాడిన వృత్తమునకే రెట్టింపుల మొత్తముచేత స్థానము నిర్ణయమగుచున్నది. అంతేకాదు, 64 అక్షరములతో ఒక పాదమును ఊహించి ప్రస్తారము వేసినచో అన్నియు గురువులైనది మొదటిదియు, అన్నియు లఘువులైనది చివరిదియు నగును. ఆ చివరిదానికి ముందు నిలుచు వృత్తములు సరిగా 18446744073709551615. తెలుగు విద్యార్థికి ద్విసంఖ్యామానమును బోధింప దలచువారు ఈ గురులఘువులను విడిచి మరియొక దారిని వెదకుట అనవసరమని నా దృఢాభిప్రాయము.

పరిమాణమును గూర్చి కొంచెమైనను చెప్పక తప్పదు. వరి పండు జిల్లాలో కూర్చుండి గింజల లెక్కను దాటిపోరాదు. శ్రీరామసాగరపు నీరు కాకతీయ కాలువ వెంట పారు ఈ నేలమీద రైతులు దొడ్డువడ్లను, సన్నములను రెండింటిని పండింతురు. జగిత్యాలకు చేరువనున్న పొలాస పరిశోధనా స్థానము రూపొందించిన జగిత్యాల సన్నాలు వంటి రకములు ఇచ్చటివే. వేయి గింజల బరువు రకమును బట్టి మారును గాని, లెక్క కొరకు 20 గ్రాములని తీసికొందము. మొదటి 16 గళ్లలోని 65535 గింజలు కలిపి కిలోనర కంటెను తక్కువ. 21వ గడిలో 21 కిలోలకు ఇంచుక తక్కువ. 27వ గడిలో 13 క్వింటాళ్లకు పైచిలుకు. 32వ గడి నిండునప్పటికి మొత్తము 4294967295 గింజలు, అనగా సుమారు 859 క్వింటాళ్లు. కొనుగోలు కేంద్రములలో నింపు 40 కిలోల బస్తాలలో ఇవి 2,147 బస్తాలు. ఎకరమునకు 25 క్వింటాళ్ల చొప్పున 34 ఎకరముల పంట. ఇంతవరకు ఒక గ్రామము కల్లములో కొలువగలిగినదే. మిగిలిన 32 గళ్లే రాజును దివాలా తీయించును: మొత్తము బరువు 36,890 కోట్ల టన్నులకు దగ్గరగా తేలును, ప్రపంచమంతయు కలిసి ఏటేట పండించు వడ్లు 80 కోట్ల టన్నుల ప్రాంతము గనుక, ఇది సుమారు 460 ఏండ్ల లోకపు పంట. రెట్టింపు యొక్క ఈ తత్త్వము మన పల్లెలలో ముత్తాతలకు కథవలన తెలియలేదు. కరవు నెలలలో నాగుకు, అనగా గింజల వడ్డీకి, గింజలు తెచ్చుకొని, పంటనాటికి తీర్పలేక, వడ్డీమీద వడ్డీ పెరిగి భూమినే పోగొట్టుకొన్న కుటుంబములవారు దానిని అనుభవమున నేర్చిరి. ఏటేట రెట్టించునది పదియేండ్లకు వేయింతలు దాటును. ఇది సర్వజనులును తెలిసికొనవలసిన గణితము.

బల్ల సగమునకు 4294967295 అని పైన చెప్పితిమి. గణితజ్ఞుని దృష్టిలో నిజమైన సంపద ఈ సగములోనే యున్నది. ఒక వర్గమునుండి ఒకటి తీసిన మిగులునది, ఆ మూలమునకు ఒకటి తక్కువ దానిని ఒకటి ఎక్కువ దానితో గుణించిన ఫలము; ఇది ఉన్నత పాఠశాలలో అందరును చదువు సూత్రము. మన మహాసంఖ్య 4294967296 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ గనుక, అది 4294967295ను 4294967297తో గుణించిన ఫలము. మొదటి కారణాంకము మరల 65536 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ గనుక 65535ను 65537తో గుణించినది. 65535 అట్లే 255ను 257తోను, 255 యనునది 15ను 17తోను, 15 యనునది 3ను 5తోను గుణించినవి. అంతట మహాసంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరింటి గుణకార ఫలమై తేలినది. జైనుల వర్గశ్రేణిలోని 2, 4, 16, 256, 65536, 4294967296లకు ఒక్కొక్కటి చేర్చినవే ఇవి. పేనిన తాడును ముడిముడిగా విప్పినట్లు, ఇరువది అంకెల సంఖ్య బలప్రయోగము లేకయే విడివడినది. భాగహారము చేసి చూడవలసిన పనియే కలుగలేదు.

ఈ ఆరింటిలో మొదటి ఐదును ప్రధానసంఖ్యలు. ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640 ప్రాంతమున ఈ శ్రేణిని చూచి, దీనిలోని వన్నియు ప్రధానసంఖ్యలేయని విశ్వసించెను. ఆ విశ్వాసమును 1732లో ఆయిలరు ఛేదించెను. 4294967297ను భాగింపగల ప్రధానసంఖ్య ఏదైనను ఉన్నచో దానిని 64తో భాగించిన ఒకటి శేషింపవలెనని ఆతడు గ్రహించెను. అంతట వేలకొలది సంఖ్యలకు మారు 193, 257, 449, 577, 641 వంటి కొద్దిపాటి వానిని మాత్రమే పరీక్షింపవలసి యుండెను. ఐదవ పరీక్షలోనే తలుపు తెరచుకొన్నది. 641ని 6700417తో గుణించిన 4294967297. ఈ రెండవదియు ప్రధానసంఖ్యయే.

భాగహారము చేయకయే 641 దానిని భాగించునని నిరూపించు మార్గమొకటి గలదు. అది ఇంత చక్కనిది గనుక పాఠకులు ఓపికతో అనుసరింపవలెను. 5ను 128తో గుణించి ఒకటి చేర్చిన 641. కనుక 641తో భాగించు లెక్కలో 5, 128ల గుణకార ఫలము ఋణ ఒకటితో సమానము. నాలుగు మారులు తనతో తాను గుణించిన ఋణ ఒకటి ధన ఒకటి యగును. అనగా 5 యొక్క నాలుగవ ఘాతమగు 625ను 2 యొక్క 28వ ఘాతముతో గుణించినది ఒకటితో సమానము. ఇక 641ని మరియొక వైపునుండి చూడుడు: 625కు 16 చేర్చినను 641 యగును, కనుక 625 అనునది ఋణ 16తో సమానము. మొదటి వాక్యములో 625 ఉన్న చోట ఋణ 16 ఉంచినచో, ఆ 16 యనునది 2 యొక్క నాలుగవ ఘాతమగుటచే 28తో కలిసి 32వ ఘాతమై, ఋణ 32వ ఘాతము ఒకటితో సమానమని తేలును. అనగా 2 యొక్క 32వ ఘాతమునకు ఒకటి చేర్చినది 641చే నిశ్శేషముగా భాగింపబడును. పది అంకెల సంఖ్యను తాకకయే దాని గుట్టును రట్టు చేసిన ఈ నాలుగు వాక్యములకు సాటివచ్చు రచన ఏ శాస్త్రమునందును అరుదు.

ఇందువలన మల్లన సంఖ్యకు ప్రధాన కారణాంకములు ఏడని నిర్ణయమగుచున్నది: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదియు రెండుమారులు రాలేదు గనుక దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు ఏడు రెట్టింపుల ఫలమగు 128. రెట్టింపులచే పుట్టిన సంఖ్యకు భాజకముల గణనమును రెట్టింపుగనే వచ్చినది. ఆయిలరు దెబ్బతో ఫెర్మా శ్రేణి అచ్చట తెగిన తరువాత మరల నేటివరకు అతుకుకొనలేదు: 65537ను మించిన ప్రధానసంఖ్య ఆ శ్రేణిలో ఒకటియు దొరకలేదు.

బల్లయందలి మొదటి సగమునకు గల వైభవము ఇచ్చట ప్రకాశించును. ఇంకను పందొమ్మిదేండ్లు నిండని గౌసు 1796లో 17 భుజముల క్రమబహుభుజిని కొలబద్దతోను వృత్తలేఖినితోను మాత్రమే నిర్మింపవచ్చునని నిరూపించి, ఫెర్మా శ్రేణిలోని ప్రధానసంఖ్యలకు రేఖాగణితముతో గల బంధుత్వమును బయలుపరచెను. అట్టివి తప్ప వేరొండు ప్రధానసంఖ్యలు పనికిరావని 1837లో వాంజెల్ పూర్తిచేసెను. బేసి భుజములు గలిగి, ఈ రెండు పరికరములకు మాత్రమే లొంగునట్టి క్రమబహుభుజులలో ఇప్పటికి తెలిసినంతవరకు అన్నిటికంటె ఎక్కువ భుజములు గలది 4294967295 భుజములది. అది 32 గళ్ల మొత్తము. మరియొక విశేషము: 4294967295 కంటె చిన్నవియై దానితో ఉమ్మడి కారణాంకము లేని సంఖ్యలను లెక్కించిన 2147483648 తేలును. అది సరిగా 32వ గడిలోని గింజల సంఖ్య. మొత్తము బల్లకు ఈ సామ్యము లేదు. 641 చొరబడి దానిని చెరచినది. అందుచే కథకులు మెచ్చు 64 గళ్ల మొత్తముకంటె, రైతు కల్లములో ఇముడు 32 గళ్ల మొత్తమే గణితమున శ్రేష్ఠమైనదని నేను తీర్పు చెప్పుదును.

తక్కిన లక్షణములను త్వరగా చూడవచ్చును. ఈ సంఖ్య 15తో ముగియుచున్నది. 5తో ముగియు వర్గములన్నియు 25తోనే ముగియును గనుక ఇది వర్గసంఖ్య కాదు. 7తో భాగించిన ఒకటి శేషించును. 8తో భాగించిన 7 శేషించును. అట్టి సంఖ్యలను మూడు వర్గముల మొత్తముగా వ్రాయుట అసాధ్యము, నాలుగు వర్గముల మొత్తముగా మాత్రము ప్రతి సంఖ్యను వ్రాయవచ్చునని 1770లో లగ్రాంజి నిరూపించెను. 2 యొక్క ఘాతమునుండి ఒకటి తీసిన సంఖ్యలు ప్రధానసంఖ్యలు కావలెనన్న ఘాతసూచిక ప్రధానసంఖ్యయై యుండవలెను. 64 అట్టిది కాదు గనుక మనది మొదటనే తేలిపోయినది. సూచిక తగినదైనచో ఎంత దూరము పోవచ్చునో 2024 అక్టోబరున వెల్లడియైన 136279841 సూచికగల ప్రధానసంఖ్య చెప్పును. దానికి 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలు.

1883లో లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక ఆటవస్తువును ప్రచురించుచు దానికొక కాశీకథను అల్లెను: బ్రహ్మ సృష్టినాడు ఒక కడ్డీకి 64 బంగారు బిళ్లలను గ్రుచ్చెననియు, పెద్దదానిపై చిన్నదే ఉండునట్లు ఒక్కొక్కటిగా వేరొక కడ్డీకి మార్చుట ముగిసిననాడు ప్రళయమనియు దాని సారము. ఆ మార్పుల సంఖ్యయు 18446744073709551615. సెకనునకు ఒకటి చొప్పున మార్చినను 58,450 కోట్ల సంవత్సరములు పట్టును. గోదావరి ఒడ్డున ధర్మపురిలో స్నానసంకల్పము చెప్పు పురోహితుడు ప్రతిదినమును తలచు బ్రహ్మ పగలు 432 కోట్ల సంవత్సరములు గనుక, ఇది అట్టి 135 పగళ్లకు పైన. కథ కల్పితమే గాని లెక్క సత్యము.

నేటి యంత్రగణనలో ఈ సంఖ్యకు కొత్త అధికారము వచ్చినది. మన చేతులలోని ఫోనులును, బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థుల బల్లలమీది కంప్యూటరులును 64 బిట్లను ఒక పదముగా పట్టును. బిట్టనగా ఒకటియో సున్నయో. 64 స్థానములందును ఒకట్లే నిండినపుడు యంత్రము ఒక్క పదములో ధరింపగల గరిష్ఠ పూర్ణసంఖ్య మల్లన చెప్పినదే. దానికి ఒకటి చేర్చిన యంత్రము సున్నకు దిగును. సర్వలఘు వృత్తము ప్రస్తారమున చివరిదైనట్లే ఇచ్చట సర్వైకము చివరిదైనది. అక్షరాభ్యాసమునకు తల్లులు బిడ్డలను తెచ్చు బాసరలో, అమ్మవారి గుడికి కూతవేటు దూరమున, పింగళుడు చెప్పిన లెక్కయే యంత్రభాషయై మరల చదువబడుచున్నది.

ఏ లిపిలో వ్రాసినను ఈ గుణములు చెక్కుచెదరవు. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమున గుంజాల గ్రామమునందు దొరికిన గోండీ వ్రాతప్రతుల లిపికి తనవియైన పది అంకెలున్నవి. 2018లో ఆ లిపి అంకెలతో సహా యూనికోడున చోటు పొందినది. సున్నయు స్థానవిలువయు ఉన్న ఏ అంకెలకైనను ఇరువది స్థానములు చాలును. కనుక గుంజాల బడిలోని గోండు బాలుడు తన అంకెలతోను, గంగాధర బడిలోని బాలిక తెలుగు అంకెలతోను దీనిని వ్రాసి, ఇద్దరును 641తో పరీక్షింపవచ్చును.

ఈ రెండు జిల్లాల గణితోపాధ్యాయులకు నా ప్రార్థన ఇది. చదరంగపు కథను చెప్పిననాడు అచ్చటనే ఆగకుడు. మల్లన పద్యమును నల్లబల్లపై వ్రాసి, భూతసంఖ్యలను విప్పించి, ఇరువది అంకెలను పిల్లల చేతనే వ్రాయించి, వర్గభేద సూత్రముతో 3, 5, 17, 257, 65537లను వారి చేతనే రాబట్టించుడు. తుదకు మిగిలిన 4294967297ను 641తో భాగింపుమని ఒక పూట గడువీయుడు. పదవ తరగతి విద్యార్థి చేయదగిన భాగహారమే అది. భాగఫలము 6700417, శేషము సున్న.